విజయనగరంలో 1970ల నాటి లాడ్జి బిల్డింగు: పడగొట్టాలా, హాస్టల్‌గా మార్చుకోవచ్చా?

కోటవీధి ఆడపడుచు:

నమస్తే అండీ. బిల్డింగు పనుల్లో అనుభవం ఉన్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదివి సలహా చెప్పండి. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టమని ఇంట్లో ఒత్తిడి చేస్తున్నారు, నాకేమో మనసొప్పడం లేదు.

విజయనగరంలో రైల్వే స్టేషన్‌కీ ఆర్టీసీ కాంప్లెక్స్‌కీ మధ్య ఒక సందులో మా నాన్నగారు 1970ల మొదట్లో కట్టించిన లాడ్జి ఉంది. కింద ఆఫీసు గది, ఒకప్పుడు టిఫిన్ హోటల్ నడిచిన పెద్ద హాలు, వంటగది. పైన రెండంతస్తుల్లో కలిపి 24 గదులు, అన్నిటికీ బాత్‌రూమ్ ఉంది. మధ్యలో మండువాలాగా ఆకాశం కనిపించే ఖాళీ జాగా, దాని చుట్టూ వరండా, వరండా వెంట గదులు. మెట్లున్న పడమటి గోడ కింది నుంచి పైదాకా సిమెంటు జాలీయే. మే నెల మధ్యాహ్నం కూడా ఆ మెట్ల మీద గాలి ఆడుతుంది. కిటికీల పైన సన్‌షేడ్ బిల్డింగు చుట్టూ పట్టీ కట్టినట్టు తిరిగి ఉంటుంది. గచ్చంతా మొజాయిక్, ఆకుపచ్చ, తెల్ల ముక్కలు వేసి చేత్తో రాయి పెట్టి రుద్దించింది. ఇప్పటికీ తడిగుడ్డ పెడితే మెరుస్తుంది.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం అప్పుడు గదులన్నీ నిండిపోయి డాబా మీద చాపలేసి పడుకోబెట్టేవాళ్లం. మిగతా రోజుల్లో జనపనార వ్యాపారులు, మెడికల్ రెప్‌లు, పెళ్లివాళ్లు, సంగీత కళాశాలలో పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు. ఏసీ హోటళ్లు వచ్చాక బేరాలు తగ్గాయి. కరోనాతో పూర్తిగా మూసేశాం.

ఇప్పుడు ఒక బిల్డరు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కట్టి సగం సగం ఇస్తామంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్యకు అది నచ్చింది. "లోపల ఐరన్ మొత్తం తుప్పు పట్టేసింది, ఏదో ఒకరోజు నెత్తిన పడుతుంది" అని బిల్డరు చెప్పిన మాట ఆయన మనసులో బాగా నాటుకుంది. వెనకవైపు బాత్‌రూముల కింద శ్లాబ్ పెచ్చులూడి రాడ్లు కనిపిస్తున్న మాట నిజమే. కానీ ముందు గదుల్లో నాకు ఒక్క పగులు కనపడలేదు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు డాబా మీది రేకులు, లాడ్జి బోర్డు ఎగిరిపోయాయి తప్ప గోడలకి ఏమీ కాలేదు.

2020లో మూడు లాంతర్ల స్తంభం పడగొడితే ఊరు ఊరంతా బాధపడింది. అది రాజుల కాలంనాటిది. ఇలాంటి సిమెంటు బిల్డింగు పోతే మాత్రం ఎవరికీ చీమ కుట్టినట్టుండదు. మన నాన్నల తరం, చేతిలో ఉన్న కాస్త డబ్బుతో, ఏసీల్లేని రోజుల్లో గాలీ వెలుతురూ లెక్క చూసుకుని కట్టిన బిల్డింగులివి. ఊళ్లో ఇవి ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.

నా ఆలోచన ఏంటంటే, కోచింగులకీ ఉద్యోగాలకీ వచ్చే ఆడపిల్లలకి హాస్టల్ పెట్టడం. పై అంతస్తులో నాలుగు గదుల మధ్య గోడలు తీసేసి ఒక లైబ్రరీ కూడా చెయ్యాలని ఉంది. ఇది అయ్యే పనేనా? బిల్డింగు నిజంగా పాడైపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? కరెంటు, నీళ్ల ఖర్చు తక్కువగా ఉండేలా ఏం చెయ్యొచ్చు?

ప్లాట్లు ఫ్లాట్లు:

అమ్మా, నేను ఈ ఊళ్లోనే చిన్న బిల్డర్ని. మీకు ఆఫర్ ఇచ్చింది నేను కాదు, కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. సెంటిమెంట్ వేరు, లెక్క వేరు. ఆ ఏరియాలో స్థలం విలువ ముందు ఆ కట్టడం విలువ లెక్కలోకే రాదు. లిఫ్ట్ లేదు, పార్కింగ్ లేదు. ఒకటే మెట్లు. హాస్టల్ అంటే రాత్రిపూట అంతమంది పిల్లలు నిద్రపోయే చోటు, ఏదైనా జరిగితే వాళ్లు ఎటు దిగుతారు? ఫైర్ వాళ్లు మొదట అడిగేది అదే. వాడకం మారుస్తున్నారు కాబట్టి కార్పొరేషన్ పర్మిషన్ కూడా కావాలి. పాత బిల్డింగు రిపేరుకి బ్యాంకులు లోను ఇవ్వడం కూడా కష్టమే.

ఇంకోటి, అన్నాచెల్లెళ్ల మధ్య ఆస్తి ఫ్లాట్లయితే పంచుకోవడం తేలిక. 24 గదుల లాడ్జిని ఎలా పంచుకుంటారు? ఆ గొడవ ముందు తేల్చుకోండి, రిపేర్ల సంగతి తర్వాత.

నాగావళి ఇంజనీరు:

అమ్మా, మాది శ్రీకాకుళం. పాత బిల్డింగుల రిపేరు పనే ఎక్కువగా చేస్తాను. పై ఆయన మెట్ల గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, దాని దగ్గరికి వస్తాను. ముందు తుప్పు సంగతి.

కాంక్రీటు లోపల సున్నపు గుణం ఉంటుంది, పీహెచ్ 12కి పైనే. అది ఉన్నంతకాలం రాడ్డుకి తుప్పు పట్టదు. ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి దిగుతూ ఆ గుణాన్ని చంపేస్తుంది. అది రాడ్డు దాకా వెళ్లి, తోడుగా నీళ్లు కూడా అందితే అక్కడ తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ జాగా తీసుకుంటుంది, ఆ ఒత్తిడికే కింద పెచ్చులు ఊడతాయి. అప్పటి శ్లాబుల్లో రాడ్డు కింద కవరు, అంటే రాడ్డుని కప్పే కాంక్రీటు మందం, చాలాచోట్ల అర అంగుళమే. కాంక్రీటు పనులకి ఇప్పటి భారతీయ ప్రమాణం (కోడ్), ఐఎస్ 456, తక్కువ ప్రమాదం ఉన్న వాతావరణంలోనే 20 మిల్లీమీటర్లు అడుగుతుంది. మీ వెనక బాత్‌రూముల్లో ఏళ్లుగా నీళ్లు కారి ఉంటాయి. ముందు గదులు పొడిగా ఉన్నాయి. అందుకే వెనక ఊడింది, ముందు ఊడలేదు. వెనక మూల చూపించి మొత్తం బిల్డింగుకి మరణశిక్ష వెయ్యడం అన్యాయం. అలాగని ముందు గదులు చూసి ధీమాగా ఉండటం కూడా కుదరదు. టెస్టులు చేయిస్తేనే తెలుస్తుంది.

చాలామంది వచ్చి రీబౌండ్ హ్యామర్‌తో (కాంక్రీటు పైన కొట్టి గట్టితనం చూసే పరికరం) పది చోట్ల కొట్టి రిపోర్టు ఇచ్చేస్తారు. ఒక్క దాన్నే నమ్మకండి. పాత కాంక్రీటు పైపొర కార్బన్ డయాక్సైడ్ పట్టి గట్టిపడుతుంది, దాంతో రీడింగు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కొన్ని చోట్ల కోర్, అంటే గుండ్రంగా కోసిన కాంక్రీటు ముక్క, తీయించి ఎంత బలానికి పగులుతుందో ల్యాబులో చూడమనండి. లోపల పగుళ్లు, బోలు ఉన్నాయేమో తెలియడానికి అల్ట్రాసోనిక్ టెస్టు చేయించండి. తుప్పు ఎక్కడెక్కడ నడుస్తోందో తెలియడానికి హాఫ్ సెల్ టెస్టు ఉంది. అన్నిటికంటే చవకైనది ఫినాఫ్తలీన్ ద్రావణం. కాంక్రీటుని కొంచెం చెక్కి, ఆ తాజా ముఖం మీద చల్లితే, బాగున్న చోట గులాబీ రంగు వస్తుంది, గుణం పోయినచోట రంగే రాదు. రంగు రాని లోతు రాడ్డు దాకా వచ్చిందా లేదా అన్నది మీ కళ్లతో మీరే చూడొచ్చు. మీ అన్నయ్యగారిని ఆ రోజు దగ్గరుండమనండి.

ఇంకోటి మీరే చూడండి. బయటపడిన రాడ్లు నున్నగా గుండ్రంగా ఉన్నాయా, తాడు పేనినట్టు మెలి తిరిగి ఉన్నాయా? నున్నటివైతే పాతకాలపు మైల్డ్ స్టీలు. మెలి తిరిగినవైతే టార్ స్టీలు. చల్లగా ఉన్నప్పుడు మెలిపెట్టిన ఆ రాడ్డు తుప్పుకి త్వరగా లొంగుతుంది.

ఇప్పుడు అసలు మాట. మీరు వాడకం ముందు నిర్ణయించుకుని బిల్డింగుని దానికి సరిపెట్టాలని చూస్తున్నారు. అలా కాదు, ఆ బిల్డింగు ఏం మోయగలదో చూసి వాడకం ఎంచుకోండి. ఖర్చు కలిసొచ్చేది అక్కడే. సిమెంటు, ఇసుక తక్కువ వాడటం కూడా అక్కడే.

లాడ్జి గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్కేసి శ్లాబు వేస్తారు. బిల్డింగు మీద పడే బరువుల కోడ్ ఐఎస్ 875 ప్రకారం హాస్టల్ గదికీ అంతే. అంటే మీ హాస్టల్ ఆలోచనకి శ్లాబుని బలపరచాల్సిన పని ఉండకపోవచ్చు. లైబ్రరీలో పుస్తకాల బీరువాలుండే చోటికి అదే కోడ్ 600 కిలోలు అడుగుతుంది, మూడు రెట్లు. పై అంతస్తులో లైబ్రరీ వద్దు. కింద టిఫిన్ హోటల్ హాలుంది కదా, అది నేల మీద ఉంది, ఎన్ని బీరువాలు పెట్టినా మోస్తుంది. లైబ్రరీ అక్కడ పెట్టండి.

గోడలు తీసే ఆలోచన ఇంకా ప్రమాదం. ఆ రోజుల్లో మన ఊళ్లల్లో చాలా బిల్డింగులకి పిల్లర్లుండవు, తొమ్మిదంగుళాల ఇటుక గోడలే శ్లాబుని మోస్తాయి. మీది ఏ రకమో తేలేదాకా ఒక్క గోడ ముట్టుకోవద్దు. కొత్త ఇటుక గోడలు కూడా కట్టొద్దు. నాలుగున్నర అంగుళాల గోడే పదడుగుల ఎత్తుకి, మీటరు పొడవున ఆరొందల కిలోలకు పైనే తూగుతుంది. దాన్ని శ్లాబు మధ్యలో తెచ్చి పెట్టడం తప్పు. గదుల్ని గదులుగా ఉంచే వాడకం కాబట్టే హాస్టల్ మంచిదంటున్నాను.

మెట్ల సంగతి. రెండో దారి తప్పనిసరి. వరండా రెండో చివర, బిల్డింగు బయట, సొంత పునాది మీద నిలబడే ఇనుప మెట్లు కట్టొచ్చు. పాత గోడ మీద దాని బరువు పడదు. ఫైర్ ఎన్‌ఓసీకి (ఫైర్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే అనుమతి పత్రం) డ్రాయింగ్ వేసేటప్పుడే దాన్ని చూపించండి.

రిపేరు చేసేటప్పుడు మేస్త్రీ "అమ్మా, ప్లాస్టరింగ్ పూసి రంగేసేస్తాను" అంటాడు. ఒప్పుకోవద్దు. లోపల తుప్పు అలాగే పెరిగి రెండు వానాకాలాల్లో మళ్లీ ఊడుతుంది. వదులైన కాంక్రీటంతా రాడ్డు వెనక దాకా చెక్కాలి, రాడ్డుని వైర్ బ్రష్‌తో తెల్లగా రుద్దాలి, బాగా సన్నబడితే పక్కన కొత్త రాడ్డు కట్టాలి, తుప్పు నిరోధించే కోటింగ్ వేశాక పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టారుతో పూడ్చాలి. అంతకంటే ముందు బాత్‌రూమ్ లీకు ఆపాలి. గచ్చు కింద నింపిన ఇటుక ముక్కలు ఏళ్లుగా నీళ్లు తాగి ఉంటాయి, వాటిని తీయించేస్తే శ్లాబుకి బరువు కూడా తగ్గుతుంది. కొత్త పైపులు గోడలో పూడ్చకుండా బయట నుంచి దింపండి. రేపు లీకైతే కంటికి కనపడాలి.

పడగొట్టడం గురించి ఒక్క లెక్క. ఇలాంటి కట్టడం చదరపు మీటరుకు ఇంచుమించు ఒక టన్ను తూగుతుంది. మీది మూడు ఫ్లోర్లూ కలిపి ఎనిమిదొందల చదరపు మీటర్లు ఉంటుందనుకుంటే ఎనిమిదొందల టన్నుల శిథిలాలు. అవన్నీ టిప్పర్లెక్కి ఏ చెరువు గట్టునో, ఏ గెడ్డలోనో పడతాయి. దాని చోట మళ్లీ కొత్త సిమెంటు. ప్రపంచంలో మనుషుల వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7, 8 శాతం సిమెంటు తయారీదే. మీ శ్లాబులకి కావలసిన సిమెంటు యాభై ఏళ్ల క్రితమే కాలింది. దాన్ని వాడుకోకుండా పారెయ్యడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఏడు రోడ్ల అక్క:

చెల్లీ, నేను శ్రీకాకుళంలో లేడీస్ హాస్టల్ నడుపుతున్నాను. ఇంజనీరు గారు చెప్పినవి నాకు తెలియవు, పిల్లలకి ఏం కావాలో మాత్రం తెలుసు. గదికి బాత్‌రూమ్ ఉండటం అన్నది పెద్ద వరం. నేను ఇల్లు లీజుకి తీసుకుని హాస్టల్ చేసినప్పుడు సగం డబ్బు బాత్‌రూములకే పోయింది.

రెండోది బట్టలు ఆరేసుకునే చోటు. వానాకాలంలో పిల్లలు గదిలోనే తాడు కట్టి ఆరేస్తారు, చెమ్మకి గోడలు బూజు పడతాయి, పిల్లలకి దగ్గులు. నీ మధ్య జాగా చుట్టూ వరండా ఉందంటున్నావు కదా, దానికి దయచేసి అద్దాలు బిగించొద్దు. గ్రిల్ పెట్టు చాలు. జాలీ గోడ కూడా అలాగే ఉంచు, బయట నుంచి లోపలి పిల్లలు కనపడరు, లోపలికి గాలి వస్తుంది. ఆడపిల్లల హాస్టల్‌కి ఇంకేం కావాలి? దోమల మెష్ మాత్రం లోపలివైపు కొట్టించు.

గదికి ముగ్గురిని మించి పెట్టొద్దు. నలుగురిని పెడితే డబ్బు వస్తుంది, కానీ పొద్దున ఆరింటికి బాత్‌రూమ్ దగ్గర యుద్ధమే. వేడినీళ్లకి గదికో గీజరు వద్దు, బిల్లు చూసి టెన్షన్ పడతావు. డాబా మీద సోలార్ హీటర్ పెట్టి లైను దింపుకో.

సాగరతీరం ఆర్కి స్టూడెంట్:

మేడమ్, నేను విశాఖలో ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. మీ బిల్డింగులాంటివి పెద్ద ఊళ్లల్లో ఏమయ్యాయో చెప్పాలనిపించింది.

ఢిల్లీ చాణక్యపురిలో అక్బర్ హోటల్ అని శివనాథ్ ప్రసాద్ 1960ల్లో డిజైన్ చేసిన కాంక్రీటు హోటల్ ఉండేది. హోటల్‌గా మూతపడ్డాక దాన్ని పడగొట్టలేదు. అక్బర్ భవన్ పేరుతో ప్రభుత్వ ఆఫీసులకి వాడారు. తర్వాత సొంత క్యాంపస్‌కి మారేదాకా సౌత్ ఏషియన్ యూనివర్సిటీ చాలా ఏళ్లు అందులోనే నడిచింది. హోటల్ గదుల్లో విద్యార్థులు చదువుకున్నారు. అదే ఢిల్లీలో ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్‌ని 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి పడగొట్టేశారు. 1972 నాటిది, రాజ్ రేవాల్ ఆర్కిటెక్టు, మహేంద్ర రాజ్ ఇంజనీరు. అరవై ఏళ్లు నిండలేదని వారసత్వ కట్టడంగా పరిగణించలేదు. మీ లాడ్జి వయసు కూడా అంతే కదా. ఈ వయసు బిల్డింగులకి చట్టం అండ దొరకడం కష్టం, యజమానే దిక్కు.

వేడి గురించి ఒక ఉదాహరణ. పుదుచ్చేరిలో అరవింద ఆశ్రమం వాళ్ల గోల్కొండ అనే వసతి గృహం ఉంది. ఆంటోనిన్ రేమండ్ డిజైన్ చేస్తే జార్జ్ నకషిమా దగ్గరుండి కట్టించాడు. హైదరాబాద్ దివాన్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ఇచ్చిన విరాళంతో కట్టారు కాబట్టి ఆ పేరు. నేల మీద మన కడప రాయి. ఏసీ అక్కర్లేకుండా, గోడల నిండా తెరిచి మూసుకునే పలకలతో, శ్లాబు పైన గాలి ఆడే జాగా వదిలి ఇంకో కప్పుతో నిర్మించారు. మీరు డాబా మీద సోలార్ ప్యానెళ్లు ఎత్తుగా స్టాండ్ల మీద పెట్టిస్తే అదే పని జరుగుతుంది. కరెంటూ వస్తుంది, శ్లాబుకి నీడా పడుతుంది. ప్యానెళ్లు లేని చోట తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి. మొజాయిక్ మీద టైల్స్ మాత్రం అతికించకండి, పాలిష్ పట్టిస్తే చాలు.

కోటవీధి ఆడపడుచు:

అందరికీ చాలా థాంక్స్. రాత్రి అన్నయ్యకి ఈ చర్చంతా ఫోన్లో చదివి వినిపించాను. పుస్తకాల బరువు లెక్క దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడు. టెస్టుల రిపోర్టు వచ్చేదాకా సంతకం వాయిదా వేద్దామన్నాడు. బిల్డరు గారు చెప్పినట్టు వాటాల మాట కూడా ముందే కాగితం మీద రాసుకుంటాం. లైబ్రరీ కిందకే.

ఇవాళ వెళ్లి రాడ్లు చూశాను. వెనక శ్లాబులోవి నున్నగా గుండ్రంగానే ఉన్నాయి. కానీ ముందువైపు సన్‌షేడ్ పైకెక్కి చూస్తే, గోడ కలిసే చోట పైభాగంలో పొడవునా పగులు ఉంది, అందులో రావి మొక్క మొలిచింది. కింద నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఆ సన్‌షేడ్ కింద నీడకి సాయంత్రాలు ఒకాయన పునుగుల బండి పెట్టుకుంటాడు. ఇది పెద్ద సమస్యా? నీళ్ల గురించి కూడా ఎవరూ చెప్పలేదు, 72 మంది పిల్లలంటే పాత ట్యాంకు సరిపోతుందా?

నాగావళి ఇంజనీరు:

నీళ్లకి కంగారు పడకండి. నీటి అవసరాల కోడ్ ఐఎస్ 1172 లెక్కలో హోటల్ మంచానికి రోజుకి 180 లీటర్లు, హాస్టల్ మనిషికి 135. మీ లాడ్జిలో గదికి ఇద్దరి లెక్కన 48 మందికి 8,640 లీటర్లు, హాస్టల్‌లో 72 మందికి 9,720. తేడా వెయ్యి లీటర్ల పైచిలుకే. పాత కాంక్రీటు ట్యాంకు లీకుందేమో చూసి, కావాలంటే పక్కన, బరువు గోడ పైన పడేలా ఒక చిన్న ప్లాస్టిక్ ట్యాంకు కలపండి. సెప్టిక్ ట్యాంకు కొలతలు మాత్రం తీయించండి, ఇబ్బంది వస్తే అక్కడే రావాలి. డాబా మీది వాననీళ్లని మధ్య జాగాలో ఇంకుడు గుంతకి దింపుకోవచ్చు, పునాదికి దూరంగా.

సన్‌షేడ్ మాత్రం పెద్ద సమస్యే, ఆలస్యం చెయ్యొద్దు. గోడలోంచి బయటికి చాచిన శ్లాబుకి బలమిచ్చే రాడ్లు పైభాగంలో ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తొక్కితే ఆ రాడ్లు కిందికి దిగిపోతాయి, అప్పటి పనుల్లో ఇది చాలాచోట్ల చూశాను. పైన గోడ వెంట పొడవునా పగులు అంటే అదే అనుమానం, దాంట్లోంచి నీళ్లు దిగితే ఉన్న రాడ్డు కూడా తినేస్తుంది. ఇలాంటివి ముందు చెప్పకుండా ఒక్కసారిగా విరుగుతాయి.

బండి ఆయన్ని ఇవాళే అక్కడి నుంచి పంపించి, అటు ఎవరూ రాకుండా తాడు కట్టించండి. సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే వాళ్ల దగ్గర జాకీలు (శ్లాబు కింద ఆసరాగా నిలబెట్టే ఇనుప గొట్టాలు) దొరుకుతాయి. సన్‌షేడ్ పొడవునా కింద చెక్క పెట్టి, అంచుకి దగ్గరగా జాకీలు బిగించమనండి. వెనక బాత్‌రూముల శ్లాబు కింద కూడా అలాగే పెట్టించి, ఆ లైనుకి నీళ్లు కట్టెయ్యండి. రావి మొక్కని పీకొద్దు, వేరుతోపాటు కాంక్రీటు ముక్క ఊడొస్తుంది. పైకి కోసి వదిలెయ్యండి, జాకీలు పెట్టాక చూద్దాం. పగులు ఫొటో, స్కేలు పక్కన పెట్టి తీసి ఇక్కడ పెట్టండి.